బోర్డు బాబాయ్ నోరు మూసుకున్న రోజు

బోర్డు బాబాయ్ కథ మొదలుపెడితే ఎదుటివాడి చేతిలో టీ చల్లారిపోవడం మామూలే. ఒకసారి నున్నగా గడ్డం గీయించుకున్న మనిషి కుర్చీలోంచి లేవబోతుంటే బాబాయ్ కథ అందుకున్నాడట. అది పూర్తయ్యేసరికి మంగలి మళ్లీ సబ్బు నురగ కలపాల్సి వచ్చింది. నమ్మకం లేనివాళ్లు ఆయన పక్కన ఒక్క పూట కూర్చుని రండి. రాగలిగితే అప్పుడు మాట్లాడుకుందాం.

ఈ బాబాయ్ వయసులో ఉన్నంతకాలం దుకాణాలకు బోర్డులు రాశాడు. నిచ్చెనెక్కి, మణికట్టు కింద కర్ర ఆనించుకుని, గీత గీయకుండానే అక్షరాలను తిన్నగా నిలబెట్టేవాడు. తను అక్షరానికి నీడ వేస్తే ఎండకు తాళలేని పిచ్చుకలొచ్చి అందులో సేదతీరేవని చెప్పుకుంటాడు. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి, నిచ్చెన మూలపడింది. ఒక బడి ప్రిన్సిపాల్ జాలిపడి డ్రాయింగు మాస్టారు ఉద్యోగం ఇస్తానన్నాడు గానీ, చిత్రకళా బోధనలో యూనివర్సిటీ పట్టా ఉండి తీరాలన్నాడు. అలా జుట్టు నెరిశాక బాబాయ్ యూనివర్సిటీకి వెళ్లి, కూతురి ఈడు పిల్లల మధ్య స్టూలు వేసుకుని కూర్చున్నాడు. బోర్డు బాబాయ్ అన్న పేరు పెట్టింది వాళ్లే.

బోధన పేపర్లన్నీ అవలీలగా గట్టెక్కాడు. పాఠం చెప్పించడం ఎవరికీ కష్టం కాలేదు, ఆపించడమే కష్టమైంది. బండి ఆగిందల్లా స్టూడియోలో, మనుషుల మొహాలు గీసే పోర్ట్రెయిట్ కోర్సు దగ్గర. అక్కడొక పద్ధతి ఉంది. బొమ్మను గోడకు తగిలిస్తారు. క్లాసంతా దాని మంచిచెడ్డలు మాట్లాడుతుంది. వేసినవాడు మాత్రం పక్కనే కూర్చుని, ప్రొఫెసరు పెన్సిలుతో బల్ల మీద కొట్టేదాకా కిక్కురుమనకూడదు. నోరు విప్పాడా, సున్నా.

"రేపు నీ బొమ్మ ఎవరింటి గోడ మీదో వేలాడుతుంది. దాని తరఫున మాట్లాడ్డానికి నువ్వూ వెళ్లి పక్కన వేలాడతావా?" అనేవాడు ప్రొఫెసరు.

బాబాయ్‌ని పిలిస్తే వెళ్లేవాడే.

మొదటిసారి ఎవరో ముక్కు వంకరగా ఉందన్నారు. బాబాయ్ లేచి ఆ ముక్కు వంశచరిత్ర ఎత్తుకున్నాడు. సున్నా. రెండోసారి పళ్లు బిగబట్టి చివరిదాకా లాక్కొచ్చాడు. ఇక పెన్సిలు పడుతుందనగా ప్రొఫెసరు, "డస్టర్ ఎక్కడ పెట్టారర్రా?" అన్నాడు. "మీ బల్ల కిందే సార్!" అన్నాడు బాబాయ్. మళ్లీ సున్నా. ఈసారి కూడా పోతే కోర్సులోంచి పేరు కొట్టేస్తారు. బడి ఉద్యోగం ఇంకెవరికో పోతుంది.

మూడో బొమ్మకు భార్యను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. ఆమె దవడ కింద చెయ్యి ఆనించుకుని, ఎటో చూస్తూ కూర్చుంది.

"ఆహా! అలాగే ఉండు. ఇక కదలకు."

"ఏమండీ, నా పన్ను..."

"నోరు కదపకు, పెదవి చెడిపోతుంది! పన్నంటే గుర్తొచ్చింది. నా దవడపన్ను పీకిన సంగతి చెప్పానా? దారం ఒక కొస పంటికి, ఇంకో కొస లారీకి కట్టారు. డ్రైవరు గేరు వేశాడు. ఏమైందనుకున్నావ్?"

లారీ కదల్లేదని ఆమె పెళ్లయిన వారంలోనే వింది. కళ్లు మూసుకుంది.

"కళ్లు తెరువు, కళ్లు!"

బొమ్మ పూర్తయ్యేదాకా ఏ సాయంత్రం చూసినా ఇదే వరస. ఆమె పన్ను అనబోవడం, ఆయన లారీనో, వరదనో, పులినో అందుకోవడం.

బొమ్మ గోడకెక్కిన రోజు, తన మొహం ఎలా వచ్చిందో చూద్దామని ఆమె కూడా క్లాసుకు వచ్చింది. చెంపకు చేతిరుమాలు అదుముకుని వెనక బెంచీ మీద కూర్చుంది. బాబాయ్ ముందుజాగ్రత్తగా బ్రష్షు ఒకటి పళ్ల మధ్య అడ్డంగా కరిచిపట్టాడు.

"రంగులు బాగున్నాయి. కానీ ఎడమ చెంప చూడండి, బన్ను రొట్టెలా వచ్చింది. బాబాయ్ కొలత తప్పాడు" అన్నాడు పొడుగ్గా ఉన్న కుర్రాడు.

బ్రష్షు పటుక్కుమంది.

"కొలత సంగతి తర్వాత. ఆ కళ్లు చూడండి" అంది కళ్లజోడు అమ్మాయి. "ఏదో చెప్పాలనుకుంటోంది పాపం. ఎవరో చెప్పనివ్వట్లేదు."

క్లాసు తలలన్నీ బాబాయ్ వైపు తిరిగాయి. ఆయన మెడ మీద నరాలు నిచ్చెన తాళ్లలా బిగుసుకున్నాయి. గొంతులో లేచిన మాటలు దారి దొరక్క చెవుల్లోంచి రాబోయాయని అక్కడున్నవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

ప్రొఫెసరు పెదవి విరిచాడు. "కళ్లు బాగా పట్టాడు. కానీ పోర్ట్రెయిట్‌లో చెంపే తప్పితే నేను పాస్ చెయ్యలేను."

"తప్పేం లేదండీ" అని వెనక నుంచి వినిపించింది.

మాట్లాడకూడదన్న నియమం బొమ్మ వేసినవాడికే గానీ, బొమ్మ కోసం కూర్చున్న మనిషికి లేదు. భార్య లేచి నిలబడి చేతిరుమాలు తీసింది. చెంప బన్ను రొట్టెలాగే ఉంది.

ప్రొఫెసరు ఆమె అనుమతి అడిగి, ఒక కన్ను మూసి, చాచిన చేతిలోని పెన్సిలుతో ఆమె చెంప కొలిచాడు. తర్వాత బొమ్మలో చెంప కొలిచాడు. మళ్లీ ఆమె వైపు తిరిగాడు. "వాపు అంచున ఎరుపుతో సహా పట్టాడే!" అని గొణిగి, పెన్సిలుతో బల్ల మీద కొట్టాడు. "ఇక మాట్లాడొచ్చు. ఒకటే ప్రశ్న. ఈ వాపు చూసి వేశారా, చెయ్యి జారి పడిందా?"

బాబాయ్ విరిగిన బ్రష్షు ముక్కలు నోట్లోంచి తీశాడు. చూసే వేశానంటే పట్టా చేతికొచ్చినట్టే. కానీ వెనక బెంచీ దగ్గర నిలబడ్డ మనిషి, "చూసి కూడా నన్ను అన్ని సాయంత్రాలు కూర్చోబెట్టారా?" అని అడిగితే, ఇక ఆ ఇంట్లో పట్టా పెట్టుకోవడానికి గోడ ఉంటుందేమో గానీ బాబాయ్‌కి చోటుండదు. చూడలేదంటే కొలత తప్పినట్టే, ఉద్యోగం పోయినట్టే. ఎంత అబద్ధమైనా అలవోకగా అల్లగల మనిషి రెండుసార్లు నోరు తెరిచి మూశాడు.

"చూడలేదు సార్" అన్నాడు చివరికి. "అంటే... కన్ను చూసింది, చెయ్యి వేసింది. నేనే అక్కడ లేను. ఆ టైములో నేను పులితో ఉన్నాను."

క్లాసు పగలబడి నవ్వింది. ప్రొఫెసరు కూడా నవ్వి, కళ్లు తుడుచుకున్నాడు.

"ఆ కంటికీ చేతికీ పాస్. మిగతా మనిషికి మార్కులు వేసే అధికారం నాది కాదు, అమ్మగారిది."

"ముందు పళ్ల డాక్టరు దగ్గరికి నడవమనండి. మార్కుల సంగతి తర్వాత చూస్తాను" అందామె.

పాసైన మాట ప్రిన్సిపాల్‌కి చెప్పి రావాలని బాబాయ్ కాళ్లు ఉరకలేశాయి. అయినా మెట్ల మీద ఆగి, "బాగా నొప్పిగా ఉందా?" అని అడిగాడు. అడిగి, ఊరుకున్నాడు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. మెట్లు దిగేసరికి అది ఒక పన్ను నొప్పి. వీధి మలుపు తిరిగేసరికి పై వరసంతా పాకింది. డాక్టరు గుమ్మం చేరేసరికి, ఆ పోటుకు రాత్రంతా ఇంటి కిటికీలు గడగడలాడాయనీ, పక్కింటివాళ్లు భూకంపమని పిల్లలను ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తారనీ చెప్పింది.

బాబాయ్ నోరు తెరుచుకుని విన్నాడు.

"తర్వాత?" అన్నాడు.