నోరు తెరవకుండా తీర్చిన తగాదా

పోయిన వేసవి సెలవుల్లో సూరత్‌లో మా ఇంట్లో జరిగింది ఇది. మనవరాళ్లిద్దరూ బెలూను మీద పాత పేపరు ముక్కలు అంటించి మాస్కు చేస్తామన్నారు.

"బెలూన్లకు పైసలెందుకు దండగ? నా మొఖం లేదా?" అన్నాను.

"జర నూనె రాసుకో అత్తమ్మా, లేకుంటే పట్టుకుంటది" అంది కోడలు.

నూనె కూడా దండగే అనిపించి రాసుకోలేదు. మాది నేతపని ఇల్లు. అంటించడానికి గంజి కాచమంటే మగ్గం పడుగు దారాలకు పెట్టేటంత చిక్కగా కాచడమే నాకు తెలుసు. పిల్లలు కళ్లూ ముక్కూ వదిలి ముఖమంతా అంటించారు. ఫ్యాను కింద అది ఎండి, రేకులా బిగుసుకుంది. నోరు తెరవడానికి రాలేదు.

అప్పుడే ఇరుగుపొరుగు కోడళ్లిద్దరు నల్లా దగ్గర కొట్లాడుకుని తీర్పు కోసం వచ్చారు. మా గల్లీలో నా గొంతంటే అందరికీ భయం. ఆ ఇద్దరూ నన్ను చూసి కెవ్వుమని ఒకరినొకరు వాటేసుకున్నారు.

"ఏందవ్వా గిది?"

చిన్న మనవరాలు గంభీరంగా చెప్పింది: "నాయినమ్మ ఇప్పుడు మాట్లాడది. ఎండుతున్నది."

వాళ్లు నవ్వీ నవ్వీ గడపలోనే కూలబడ్డారు. ఇక ఈ గల్లీలో నా మాట ఎవరు వింటారని సిగ్గుతో కుంగిపోయాను. తర్వాత ఒకామె అంచులను వేడినీళ్లతో తడుపుతుంటే ఇంకొకామె పేపరును చిరగకుండా ఊడదీసింది. నా కనుబొమ్మలు సగం దానితోనే పోయాయి. పోతూ పోతూ ఇద్దరూ కలిసే నల్లా దగ్గరికి వెళ్లారు.

ఆ మాస్కును పిల్లలు తలుపుకు తగిలించారు. తీసేయమని అనబోయి ఊరుకున్నాను. ఇన్నేళ్లలో నేను అరవకుండా తీర్చిన తగాదా అదొక్కటే.