ఫ్రిజ్‌కు ఫోన్ కట్టిన మా కాక

పోయిన నెల ఒక మంగళవారం మధ్యాహ్నం నేను మేక కాలికి కట్టు కడుతుండగా కాక భార్య, మా చిన్నమ్మ, ఫోన్ చేసింది. "మీ కాక పోయిండు బిడ్డా" అని ఒక్క మాటే అన్నది. ఆ పొద్దున బస్సుకు బయలుదేరుతుంటే ఆయన గేటు దగ్గర నిలబడి "నీది గూడ మోగిందా?" అని అడిగాడు. మా దవాఖానా ఫ్రిజ్ నుంచి నాకూ ఫోన్ వచ్చిందా అని. "మోగింది కాకా" అన్నాను. తల ఊపి లోపలికి వెళ్ళిపోయాడు. అంతే, మళ్ళీ ఆయనతో మాట్లాడింది లేదు.

ఆయన మా పక్కింటి కాక. పాల్వంచలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఉన్నది ఒకటే గోడ. థర్మల్ స్టేషన్‌లో వేడి కొలిచే మీటర్లు చూసుకునే మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఆఖరి చూపుకు వచ్చినవాళ్ళంతా "ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆయన అందరినీ అన్నాడు. నన్ను మరీ ఎక్కువ అన్నాడు. ఆ మాటలన్నీ తుడిచేసి ఆయనను సాధువును చేస్తానంటే నేను ఒప్పుకోను.

భద్రాచలం దారిలో, అడవి మొదలయ్యే చోట ఉన్న చిన్న పశువుల దవాఖానాలో నేను కాంట్రాక్టు మీద సహాయకురాలిని. చుట్టుపక్కల గూడేల్లో కోళ్ళకు కొక్కెర తెగులు టీకా వేయడం నా పనుల్లో ఒకటి. మూడేళ్ళ కిందట ఒక గూడెం నుంచి ఒక అవ్వ గంపతో వచ్చి, చచ్చిన కోడిని నా బల్ల మీద పెట్టింది. "నువ్వు సూది ఏసినవన్నీ పోయినయ్. నీ మందుల నీళ్ళే ఉన్నయ్" అన్నది.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఏడుస్తుంటే కాక వచ్చాడు. ఓదారుస్తాడనుకున్నాను.

"ఫ్రిజ్ ఎంతల ఉంటది?"

"నాలుగు డిగ్రీలు కాకా. రోజూ రిజిస్టర్‌లో రాస్తాం."

"ఎవలు చూసి రాస్తరు?"

మర్నాడు నాతో పాటు బస్సెక్కాడు. దవాఖానాలో అడుగు పెట్టగానే రిజిస్టర్ అడిగాడు. పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు. పేజీల కొద్దీ నాలుగే. తాళం వేసి ఉన్న ఆదివారాల ఎదుట కూడా నాలుగే, నా చేతిరాతతోనే. సోమవారం వచ్చి, ఖాళీ గడులన్నీ ఒక్కసారే నింపేదాన్ని. నాకు ముందున్నామె అలాగే నేర్పింది.

"నీ ఫ్రిజ్‌కు జొరం గూడ రాదా బిడ్డా?" అన్నాడు. నవ్వుతూ అనలేదు. "మా ప్లాంట్‌ల ఒకడు గిట్లనే కూసున్న కాడ రాసేటోడు. ఆని షిఫ్ట్‌లనే బేరింగ్ కాలింది." ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు. పోకూడదు కూడా.

తర్వాత పదిహేను రోజులు ఆయన ముందుగదిలో నడవడానికి జాగా లేదు. ఒక పాత బటన్ ఫోన్, అరచేతిలో పట్టే ఒక సర్క్యూట్ బోర్డు, శనగగింజంత సెన్సర్, కరెంటు పోయినా పనిచేయడానికి ఒక బ్యాటరీ. "మెసేజ్ వచ్చేటట్టు పెడదాం కాకా" అన్నాను. "నీ ఫోన్ల చదవని మెసేజ్‌లు ఎన్నున్నయ్?" అని అడిగాడు. ఫోన్ మోగాల్సిందేనని తేల్చాడు. నన్ను పంపి జ్యూస్ బండి దగ్గర మంచు తెప్పించాడు. దాన్ని నలగ్గొట్టి, స్టీలు గ్లాసులో నీళ్ళతో కలిపి సెన్సర్ ముంచాడు. సున్నా చూపాలి. రెండు చూపింది. "రెండే కదా" అన్నాను. "మంచుకు మన మొహమాటం ఏమన్న ఉంటదా?" అని, ఆ రెండూ సరిచేసేదాకా అన్నానికి లేవలేదు.

ఖాళీ టీకా సీసాలో గ్లిజరిన్ పోసి సెన్సర్‌ను అందులో పెట్టాడు. తలుపు తీసినప్పుడల్లా తగిలే గాలి వేడి కాకుండా, మందుకు తగిలే వేడి తెలియాలని. దవాఖానాలో సిగ్నల్ అందేది పడమటి కిటికీ దగ్గరే. ఫోన్ పెట్టడానికి నా స్టీలు టిఫిన్ డబ్బా ఇస్తే కసిరాడు: "దీంట్ల సిగ్నల్ రాదు, ఫోన్‌కు సమాధి కట్టినట్టే. ప్లాస్టిక్‌ది తే." రోజూ పొద్దున ఆరింటికి ముందు ఆయన ఫోన్, తర్వాత నాది ఒక్కసారి మోగి ఆగాలి. అంటే అంతా బాగుందని. ఎనిమిది డిగ్రీలు దాటితే మళ్ళీ మళ్ళీ మోగుతుంది. "మోగితే ఉరుకు. పొద్దుగాల మోగకపోతే భయపడు" అనేవాడు.

ఒక ఆదివారం గాలివానకు కరెంటు పోయి మా ఫోన్‌లు మళ్ళీ మళ్ళీ మోగాయి. ఆయన స్కూటర్ మీద వెళ్ళాం. దారిలో చెట్టు పడి చాలాసేపు ఆగిపోయాం. చేరేసరికి ఫ్రిజ్‌లో పద్నాలుగు డిగ్రీలు. మందంతా పనికిరాదని పక్కన పెట్టేశాం. రిజిస్టర్ తెరిచి పెన్ను పట్టుకుని నిలబడ్డాను. కాక కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. పద్నాలుగు అని రాశాను.

తనిఖీకి వచ్చిన అధికారి వేలు సరిగ్గా అక్కడే ఆగింది. "దీన్ని నాలుగుగా దిద్దండి. పైన ప్రశ్నలొస్తాయి" అన్నాడు. అప్పుడు కాక స్టూలెక్కి కిటికీ దగ్గర వైరు బిగిస్తున్నాడు.

"సారూ, దిద్దితే ఫ్రిజ్ సల్లబడ్తదా?"

"మీరెవరు?"

"రిటైరైనోణ్ణి. నన్ను సస్పెండ్ చేసుడు మీతోని కాదు."

నన్ను చేయొచ్చు కదా! వారం తిరగకుండా మెమో వచ్చింది. అనుమతి లేని పరికరం తీసేయాలి, సంజాయిషీ ఇవ్వాలి. ఏటా రెన్యువల్ అయ్యే ఉద్యోగం నాది. ఆ కాగితం పట్టుకుని కాక దగ్గరికి వెళ్ళాను. "భయపడకు అని నేను చెప్ప. భయపడుకుంటనే రాయి" అన్నాడు కాక. రాశాను. ఫ్రిజ్ నిజంగా ఎంతెంత ఉందో అన్ని అంకెలూ జతచేశాను. జవాబు రాలేదు. డబ్బా కిటికీలోనే ఉండిపోయింది.

కొత్త మందు వచ్చాక ఇద్దరం ఆ అవ్వ గూడేనికి వెళ్ళాం. దారిలో ఒక్కటే చెప్పాడు: "తప్పు నీదని చెప్పు. ఫ్రిజ్ మీదికి తోయకు." చెప్పాను. చూడకుండా రాశానని, మందు ఎప్పుడు చెడిందో నాకే తెలియదని చెప్పాను. అవ్వ అంతా విని, "మంచిగ చెప్పినవ్. కోళ్ళను మాత్రం ఇయ్య" అన్నది. చివరికి ఉన్న ఏడు కోళ్ళలో రెంటిని పట్టుకొచ్చి, గుర్తుకు కాళ్ళకు ఎర్రదారం కట్టి ఇచ్చింది. ఆ ఎండాకాలం తెగులు రానే వచ్చింది. ఒకరోజు అవ్వ గంపతో వచ్చి, అదే బల్ల మీద ఎర్రదారం కట్టిన రెండు కోళ్ళను దింపింది. రెండూ బతికే ఉన్నాయి. నా రిజిస్టర్ మీద రెట్ట వేశాయి. ఆ సంగతి చెప్తే కాక కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

పోయిన వారం రెండో మెమో వచ్చింది. ఆయన లేడని వాళ్ళకు తెలుసో లేదో. పరికరానికి బాధ్యులెవరో రాసి, దాన్ని తీసేసినట్టు ధ్రువీకరించాలట. మొదటి గడిలో నా పేరు రాశాను. రెండో గడిలో "తీయలేదు, తీయను" అని రాశాను. అక్షరాలు వంకర పోయాయి. దిద్దలేదు. ఈసారి రెన్యువల్ రాకపోవచ్చు. రాకపోతే ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళకు డబ్బా ఎలా పనిచేస్తుందో చెప్పి మరీ వస్తాను.

అంత్యక్రియల మర్నాడు ఆరుకు ముందే మెలకువ వచ్చింది. గోడ అవతల మోగదనుకున్నాను. రెండు రోజుల హడావుడిలో ఆయన ఫోన్‌కు చార్జింగ్ పెట్టే తీరిక ఎవరికుంటుంది? మోగింది. ఒక్కసారి మోగి ఆగింది. నా ఫోన్ పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్ళింటికి వెళ్ళాను. కొక్కేనికి ఆయన చొక్కా ఉంది, జేబులో ఫోన్, ఫోన్ నుంచి గోడ దాకా చార్జర్ వైరు. ఇన్నాళ్ళూ దాన్ని కోళ్ళ ఫోన్ అని వెక్కిరించిన చిన్నమ్మ, ఆ చొక్కా ఎదురుగా పీట వేసుకుని కూర్చుని ఉంది.

"మోగకపోతే భయపడమన్నడు గద బిడ్డా" అన్నది.

నా చేతిలో ఫోన్ మోగింది.