పులికన్ను రాళ్ల జపమాల

నాన్న వడ్రంగి. అందుకే పునీతులందరిలో, ఏసుని పెంచిన జోజప్ప గారంటే ఆయనకి కాస్త పక్షపాతం. "ఆయనా మనోడేనమ్మా, సుత్తి పట్టినోడు" అనేవారు. చూపు పోయాక ఆయనకి మిగిలిన పని జపమాల ఒక్కటే. ఉన్న ప్లాస్టిక్‌ది తెగిపోయింది. నేను విశాఖలో రాళ్లతో జపమాలలు అల్లి అమ్ముతాను. నేనుండగా మా నాన్న మళ్లీ ప్లాస్టిక్ పూసలు తిప్పడమేమిటని నాకు రోషం వచ్చింది.

రాయి కోసం ఎన్ని కొట్లు తిరిగానో. చివరికి పులికన్ను రాయి దొరికింది. గోధుమరంగు మీద అచ్చం టేకు చెక్కలో ఉండే చారలే. పూసపూసకీ తీగ చుట్టి, బిడ్డనెత్తుకున్న జోజప్ప గారి పతకం వేలాడదీశాను. పూసలన్నీ ఒకే సైజు, అన్నీ నున్నటివే. పూసకొకటి చొప్పున పది మంగళవార్త జపాలయ్యాక వచ్చే పరలోక జపం పూసని మామూలుగా పెద్దది వేస్తారు. అది మోటుగా ఉంటుందని దాన్నీ అదే సైజులో వేశాను. నా పనితనం మీద నాకంత మురిపెం.

మార్చిలో జోజప్ప గారి పండక్కి చోడవరంలో నాన్న దగ్గరికి తీసుకెళ్లాను. ఉలీ చిత్రికా పట్టి కాయలు కాచిన వేళ్లతో నాన్న దాన్ని చాలాసేపు జరిపి చూశారు.

"ఏటి రాయమ్మా ఇది? నున్నగుంది. సానా బాగా సేసేవు. ఇంత మంచిది నాకెందుకు, జోజప్ప గారి పటానికెయ్యి."

భక్తి అనుకుని పొంగిపోయాను. ఎప్పుడు వెళ్లినా మాల పటానికే ఉండేది. నాన్న అరుగు మీద, ఒళ్లో తువ్వాలు కింద చేతులు పెట్టుకుని, పెదవులు కదుపుతూ కూర్చునేవారు. "ఆ మాల తీసి జపం చేసుకోండి నాన్నా" అంటే, "సేసుకుంతన్నానులే తల్లీ" అనేవారు.

మొన్న వానాకాలంలో పోయారు. పెట్టె మూసేముందు చేతులకి జపమాల చుట్టడం మాలో ఆనవాయితీ. పటం మీది మాల తీసి నేనే చుట్టాను. ఎంత బాగుందో అని ఎవరో అన్నారు. అంత ఏడుపులోనూ ఆ మాట నాకు చక్కగా వినబడింది.

మర్నాడు అమ్మ ఆ తువ్వాలు విప్పి, లోపల్నించి ఒక పురికొస తీసి నా చేతిలో పెట్టింది. దాని నిండా ముడులే. పది చిన్న ముడులు, ఒక లావు ముడి, మళ్లీ పది. చివర సిలువగా కట్టిన రెండు చెక్కముక్కలు. చేతి జిడ్డుకి నల్లబడిపోయింది.

"ఆ రాళ్లు ఏళ్లకి తెలీట్లేదన్నారమ్మా. పది ఎక్కడయ్యేయో తెలీక తప్పిపోతన్నానన్నారు. గుంటకి సెప్పకే, బాధపడతాదన్నారు. నిన్న సెప్దామనుకున్నాను. నువ్వు ఆ మాల సుడతంటే నాకు నోరు రాలేదు."

చెబితే ఒక్క పూటలో పెద్ద పూసలు వేసిచ్చేదాన్ని కదా నాన్నా! కోపం వచ్చింది, ఎవరి మీద చూపించను?

ఆయనకి జపం సాగని మాలని చేతులకి చుట్టి పంపేశాను. సాగింది నా దగ్గర ఉండిపోయింది.