అన్నిటికీ తలుపులున్న విమానం

వెర్లిన్ హాగెన్ అమెరికాలోని విస్కాన్సిన్‌లో పాడి రైతుల కొట్టాలన్నీ తిరుగుతూ, పాలు పితికే యంత్రాలు బాగుచేస్తూ బతికాడు. ఆ ఉద్యోగం అతనికి మిగిల్చింది ఒక నడుంనొప్పి, ఇంజనీర్ల మీద తీరని కక్ష. చెయ్యి దూరని సందులో స్క్రూ పెట్టినవాణ్ణి ఆ సందులోనే తలకిందులుగా వేలాడదీయాలని అతని అభిప్రాయం. ఆవు తోకతో మొహం మీద కొడుతుంటే, చలికి కొయ్యబారిన వేళ్లతో కనపడని నట్టు కోసం ఏళ్ల తరబడి తడుముకున్నవాడు అలా అనుకోవడంలో తప్పేమీ లేదు.

రిటైరయ్యాక, ఊరవతల చిన్న విమానాలు దిగే గడ్డి మైదానం పక్కన షెడ్డు తీసుకుని, సొంతంగా రెండు సీట్ల విమానం కట్టడం మొదలుపెట్టాడు. కట్టేముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఇందులో కంటికి కనపడని బోల్టు ఒక్కటి కూడా ఉండకూడదు.

ఆ రెండో సీటు అతని భార్య ఆర్లిస్‌ది. నిజం చెప్పాలంటే విమానం నడిపే లైసెన్సు ముందు తెచ్చుకున్నది ఆమే. పెళ్లికాకముందు వాళ్ల నాన్న గడ్డిపొలంలోంచి లేచి చుట్టుపక్కల ఊళ్లన్నీ చుట్టొచ్చేది. తర్వాత పిల్లలు, వాళ్ల జలుబులు, వాళ్ల స్కూళ్లు. ఒక్కరి ఎగురుడు ఖర్చే భరించగలిగిన ఇంట్లో ఎవరు నేలమీద ఉండిపోవాలో ఎవరూ చర్చించలేదు. అది దానంతటదే తేలిపోయింది. అందుకే విమానం మాట ఎత్తగానే ఆర్లిస్ ఒకే షరతు పెట్టింది: "కుడివైపు సీటు నాది. మిగతాదంతా నీ ఇష్టం."

రేకుల్ని కలిపి బిగించే రివెట్లు కొట్టడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. బయట ఒకరు రివెట్ గన్నుతో కొడుతుంటే లోపల ఒకరు ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. చేతులు సన్నం గనక లోపలి పని ఆర్లిస్‌ది. ఎన్ని చలికాలాలు ఆ విమానం తోకలో వెల్లకిలా పడుకుని, చెవులు గింగురుమంటుంటే దిమ్మ పట్టుకుందో! తన సీటుకు మాత్రం ఎర్రగుడ్డ తనే కుట్టుకుంది.

మూతల సంగతి మెల్లగా ముదిరింది. లోపలి భాగాలు తెరిచి చూసుకోవడానికి నమూనాలో ఉన్న నాలుగైదు మూతలు వెర్లిన్ కంటికి ఆనలేదు. కేబులు మలుపు తిరిగిన చోట ఒకటి, కప్పీ దగ్గర ఒకటి, తోక కీలు దగ్గర రెండు కోశాడు. కోసిన ప్రతి కంత చుట్టూ బలానికో రేకు చట్రం, దానికి స్క్రూలు. చివరికి ఒక మూత కీలును చూసుకోవడానికి ఇంకో మూత పెట్టాడు.

పక్క షెడ్డు వెండెల్ క్రాన్ వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "ఒరేయ్, ఇది విమానమా, పోస్టాఫీసులో ఉత్తరాల అరలా?"

"నవ్వరా, నవ్వు. రేపు నీ విమానం రెక్కలో కేబులు నలిగితే రేకు కోసే కత్తెర కోసం నా దగ్గరికే వస్తావు."

"బరువు సంగతేంటయ్యా?" అంది ఆర్లిస్ తోకలోంచి.

"ఇంత రేకు ముక్కకి బరువేముంటుంది? కాగితంతో సమానం!"

అదీ నిజమే. ఏ మూతకామూత కాగితమే.

తూకం రోజంటే ఆ మైదానంలో పండగ. విమానం కట్టినవాడు మూడు చక్రాల కింద మూడు కాటాలు పెడతాడు. తోటివాళ్లంతా బరువెంతో ఊహించి చీటీలు రాస్తారు. దగ్గరగా రాసినవాడికి బహుమతి, పుల్లటి రూబార్బ్ కాడలు కూరి ఆర్లిస్ కాల్చిన 'పై' రొట్టె. మర్యాదస్తులు గనక అందరూ తక్కువే రాశారు. కాటాల అంకెలు కూడేసరికి అందరి చీటీలూ తప్పాయి. ఒకాయన గొంతు సవరించుకుని "మరీ అంత ఘోరంగా ఏం లేదు" అన్నాడు. ఆ ఊళ్లో కొట్టం కాలిపోయినప్పుడు కూడా అదే మాట అంటారు.

వెండెల్ లెక్కగట్టి తలెత్తాడు. "ఇది మోయగలిగింది ఒక మనిషి, నిండా పెట్రోలు, ఫ్లాస్కుడు కాఫీ. ఇద్దరూ ఎక్కాలంటే పెట్రోలు మానేసి కూర్చోవచ్చు."

పై రొట్టె కోస్తున్న ఆర్లిస్ ఆగింది.

తీసి పారెయ్యడానికి ఏమైనా దొరుకుతుందేమోనని వెర్లిన్ మూతలన్నీ విప్పేశాడు. ప్రతి కంతలోకీ టార్చి వేశాడు. లోపల అన్నీ చక్కగా కనిపించాయి, అన్నీ అవసరమైనవే. ఒక్క మూత వదులుకోవడానికి కూడా అతనికి ప్రాణం ఒప్పలేదు. అప్పుడు ఉపాయం తట్టి మొహం వెలిగిపోయింది.

"కుడి సీటు తీసేద్దాం! ఎలాగూ ఒక్కరే ఎక్కేది కదా, దాని బరువెందుకు దండగ? మంచి ఉపాయంతో బిగించానులే, నాలుగు స్క్రూలు తిప్పితే చేతిలోకి వచ్చేస్తుంది."

మగవాళ్లంతా తమ బూట్లవైపు చూసుకున్నారు. వెర్లిన్ మాత్రం మెప్పు కోసం ఆర్లిస్‌వైపు చూశాడు.

"నాలుగేనా?" అంది ఆర్లిస్.

"నాలుగంటే నాలుగే. చూసుకో కావాలంటే."

ఆమె చెయ్యి తుడుచుకుని, అతని జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని విమానంలోకి వంగింది. అతను చెప్పింది అక్షరాలా నిజం, కాసేపట్లోనే సీటు బయటికొచ్చింది. ఎర్రగుడ్డది కాదు. ఎడమవైపుది, బూడిదరంగుది. తెచ్చి వెర్లిన్ చేతుల్లో పెట్టింది.

"ఇది నా సీటే," అన్నాడు వెర్లిన్ తెల్లబోయి.

"అవును. అందుకే నీ చేతికే ఇచ్చాను. నడిపే కర్ర కుడివైపు కూడా ఉందిగా, నాకది చాలు. నా బరువైతే కాటా కూడా ఏమీ అనదు."

వెండెల్ దగ్గొచ్చినట్టు అటు తిరిగాడు. వెర్లిన్‌కు సిగ్గేసింది. జనం చూస్తున్నారని కాదు. ఇంత పెద్ద విమానంలో వదులుకోదగిన వస్తువేదా అని వెతికితే తనకు మొట్టమొదట ఆమె సీటే తట్టింది, అదీ సంతోషంగా.

"ఎప్పుడు ఎగురుతావు మరి?" అనడిగాడు చివరికి.

"నువ్వు ఆ మూతలన్నీ బిగించిన రోజున."

వెర్లిన్ సీటును గోడకానించి, స్క్రూడ్రైవర్ కోసం ఆమె ముందు చెయ్యి చాపాడు.