లెరాయ్ బిగించిన క్లిప్పు

అమెరికాలో షెబోయగన్ అనే ఊళ్ళో ఇంట్లో బీరు కాచుకునే వాళ్ళందరికీ దిక్కు లెరాయ్ విట్‌కాఫ్ కారు షెడ్డే. ఖాళీ స్టీలు పీపాకి పైభాగం కోయించుకుని తెస్తే చాలు. అడుగున చిల్లి పెట్టి వాల్వ్ బిగించేవాడు. నడిమికి థర్మామీటరు దూర్చి, ఐసునీళ్ళలో సున్నా చూపిస్తోందో లేదో సరిచూసేవాడు. వాల్వ్ మూతికి గొట్టం తొడిగి క్లిప్పు వేసేవాడు. దాంతో పీపా కాస్తా బీరు కాచే గుండిగ అయిపోయేది.

ముప్పై ఒక్క ఏళ్ళు కుళాయిల ఫ్యాక్టరీలో అరిగిన చేతులవి. ఎవరైనా బిగువు కొలిచే పానా తెచ్చిస్తే ఎగాదిగా చూసి పక్కన పడేసేవాడు. "ఆగినచోట ఇంకో పావు చుట్టు. ఎక్కువ తిప్పావా, వాషర్ చస్తుంది. తక్కువ తిప్పావా, నువ్వు చస్తావు. అది వేళ్ళకి తెలియాలిరా, పుస్తకానికి కాదు" అనేవాడు. పొగరుబోతే, కాదనను. కానీ ఆ పొగరుకి తగ్గ పనీ ఉండేది.

ఆ వేళ్ళే మొద్దుబారిపోయాయి. షుగరు వ్యాధి ముందు కాళ్ళని పట్టింది, తర్వాత చేతుల్లోకి పాకింది. ఒక ఏడాది ఏప్రిల్‌లో ఒకనాడు అతని భార్య ఆర్లీన్ వంటింట్లోంచి అరిచింది.

"ఏవయ్యా, షెడ్డులో ఏదో మాడుతోంది, చూసుకోవేం?"

వచ్చి చూస్తే మాడుతున్నది అతని అరచెయ్యి. మరిగే గుండిగకి చెయ్యి ఆనించి, తాపీగా రేడియో వింటున్నాడు. ఆమె చెయ్యి లాగి నీళ్ళకింద పెట్టి ఏడ్చింది. ఎవరికైనా చెబితే ఊరుకోనని అతను గదమాయించాడు. ఆ షెడ్డుకి మనుషులు రావడం మానేస్తే తనింక బతికున్నట్టే కాదని అతని భయం.

అదే ఏడు అక్టోబరులో డ్వేన్ జాస్ట్రో పీపా మోసుకొచ్చాడు. చిన్నప్పటి నేస్తం, పోస్ట్‌మాన్. పెళ్ళాం విడిచిపెట్టి వెళ్ళాక ఒంటిగా ఉంటున్నాడు. సగం ఊరికి నడిచి ఉత్తరాలు పంచడం, ఆదివారం బీరు కాచుకోవడం, అంతకు మించి అతనికి లోకం లేదు.

బిగింపు పూర్తయ్యాక లెరాయ్ పీపా నిండా చన్నీళ్ళు పోసి వాల్వ్ తిప్పాడు. అతుకుల దగ్గర ఎక్కడా చుక్క కారలేదు.

"అదేంట్రా, మరిగించి చూడవా?" అన్నాడు డ్వేన్.

అది లెరాయ్ పెట్టిన నియమమే. మరిగే నీళ్ళు గంటసేపు ఉంచి, తన చేత్తో వాల్వ్ తిప్పి చూపిస్తేగాని ఏ గుండిగా ఆ గడప దాటకూడదు. వేడికి గొట్టం మెత్తబడుతుంది. క్లిప్పు పట్టు అప్పుడే బయటపడుతుంది. కానీ చెయ్యి కాలినా తెలియని సంగతి బయటపడుతుందని, డ్వేన్ కళ్ళముందు కాలే స్టీలుని ముట్టుకోవడానికి లెరాయ్‌కి ధైర్యం చాలలేదు.

"నా చెయ్యి మీద నీకు నమ్మకం లేకపోతే తీసుకెళ్ళి ఇంకొకడి చేత చేయించుకో!"

"అబ్బో, దొరగారికి కోపమొచ్చింది" అని నవ్వి, డ్వేన్ గుండిగ ఎత్తుకుపోయాడు.

ఆ ఆదివారమే గొట్టం ఊడిపోయింది. సలసల కాగే బార్లీ రసం డ్వేన్ రెండు పాదాల మీదా పడింది. బెల్లంపాకంలా అంటుకుని చర్మాన్ని వదల్లేదు. రబ్బరు చెప్పులేసుకుని ఎవడు కాచమన్నాడని ఊళ్ళో బీరు కాచేవాళ్ళ క్లబ్బువాళ్ళు డ్వేన్‌నే తప్పుపట్టారు. డ్వేన్ కూడా అదే అన్నాడు. "రెండు గ్లాసులు పడ్డాయి కదా, గొట్టాన్ని నేనే తన్నుంటాను."

డ్వేన్ పెరడు కడగడానికి వెళ్ళిన లెరాయ్‌కి క్లిప్పు దొరికింది. దాని మర రెండు చుట్లు మాత్రమే తిరిగి ఉంది. డ్వేన్ ఏమీ తన్నలేదు. ఆ క్లిప్పు అసలు బిగుసుకోనే లేదు.

దాన్ని జేబులో వేసుకుని మూడు వారాలు తిరిగాడు. రోజూ ఆసుపత్రికి సూపు తీసుకెళ్ళేవాడు. ఇక నడక ఉద్యోగం కుదరదని డాక్టర్లు తేల్చేసిన రోజున మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాడు. వేళ్ళ సంగతి, చన్నీళ్ళ సంగతి, ఏదీ దాచలేదు. క్లిప్పు తీసి దుప్పటి మీద పెట్టాడు.

డ్వేన్ ఆ క్లిప్పు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎందుకు చెప్పావురా?"

"చెప్పకుండా ఎలా ఉండనురా?"

"నీకు బరువు దిగింది. మరి నాకో? తాగుబోతు వెధవని, నా కాళ్ళు నేనే కాల్చుకున్నానని తిట్టుకుంటూ ఎలాగో పడుకుంటున్నాను. నాకోసం వచ్చేవాడివి నువ్వొక్కడివే. ఇప్పుడు ఎవణ్ణి తిట్టుకోమంటావు?"

"నన్నే తిట్టు."

"నిన్ను తిడితే నాకు మిగిలేదెవడు?" అని డ్వేన్ గోడవైపు తిరిగిపోయాడు.

మర్నాడూ లెరాయ్ వెళ్ళాడు. డ్వేన్ ఇటు తిరగలేదు. ఆ మర్నాడూ అంతే. నాలుగోరోజు నర్సు గుమ్మంలోనే ఆపింది.

"మిమ్మల్ని లోపలికి పంపొద్దని ఆయనే చెప్పారండీ."

"పోనీ, వేరే ఎవరైనా వచ్చి చూస్తున్నారా అమ్మా?"

"ఎవరూ రావట్లేదండీ" అంది.