అత్తమ్మను తలకిందులు చేసిన దుర్భిణి

ఆ కాలంలో ఇంజనీరింగు చదివే కుర్రవాడికి చదువు కంటే ముందు గర్వం వచ్చేది. చదువు తర్వాత తీరిగ్గా వచ్చేది, కొందరికి రాకుండానే పోయేది. నేను సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా అవసరం లేకపోయినా గీతలు గీసే చెక్క టీ-స్క్వేరును పదిమందికీ కనపడేలా చంకలో పెట్టుకొని రైలెక్కేవాణ్ణి. ఒకసారి గూడూరు దగ్గర ఎక్కిన ఒక ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వడ్రంగం నేర్చుకుంటా ఉండావా నాయనా? మంచి పని, అన్నానికి లోటుండదు" అని దీవించాడు. నెల్లూరు వచ్చేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు. హాస్టల్లో మా బతుకు చూసినవాళ్ళు మాత్రం మమ్మల్ని వడ్రంగులుగా కూడా లెక్కపెట్టేవారు కాదు. నీళ్ళలాంటి సాంబారు, రాళ్ళున్న అన్నం (మొలకొలుకుల బియ్యం తిని పెరిగిన నోటికి అదొక శిక్ష), గీసిన బొమ్మ మీద సిరా చుక్క పడితే మళ్ళీ మొదటినుంచీ గీయడం. అయినా గర్వం తగ్గేది కాదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, మా బంధువుల్లో మా బావ గురించి ఒక కథ ఉంది. కన్నతల్లిని దుర్భిణిలో తలకిందులుగా చూసి ఆనందించిన ప్రబుద్ధుడు అని. పెళ్ళిపందిరి వేస్తే చాలు, ఆ కథ చెప్పకుండా విస్తళ్ళు లేవవు. మొన్న మా మేనకోడలి పెళ్ళిలో కొత్తల్లుడికి కూడా ఎవరో చెప్పేశారు. ఆ పిల్లవాడు మామగారి వంక చూసి నవ్వు ఆపుకోలేక చెయ్యి కడుక్కునే నెపంతో లేచిపోయాడు. బావ ఎప్పటిలాగే తల వంచుకొని పెరుగన్నం కలుపుకుంటున్నాడు. ఆ కథలో సగం అబద్ధం. ఆ సగం నాది.

మూడో ఏడాది వేసవిలో మమ్మల్ని పని నేర్చుకోవడానికి తలా ఒక చోటికి పంపారు. నా అదృష్టం కొద్దీ నాకు మా జిల్లాయే పడింది. విడవలూరు అవతల, సముద్రపు గాలి తగిలే ఒక ఊళ్ళో, ఎండిపోయిన కాలవను వెడల్పు చేయడానికి కొలతలు తీస్తున్న ఓవర్సీరు గారి కింద చేరాను. ఆయన్ని ఊళ్ళో గొడుగు ఓవర్సీరు అనేవారు. ఎండలో ఆయన మాడేవాడు, గొడుగు మాత్రం లెవెలు యంత్రానికి పట్టించేవాడు. (మూడు కాళ్ళ మీద నిలబెట్టి, దుర్భిణిలోంచి దూరాన ఉన్న కొలబద్ద మీది అంకెలు చూసి నేల ఎత్తుపల్లాలు లెక్కకట్టే యంత్రం అది.) నేను చేరీ చేరగానే నెల్లూరు పోయి ఒక సోలా టోపీ కొనుక్కొచ్చాను. అది నా తలకు కొంచెం పెద్దది. తలతో పాటు తిరిగేది కాదు, నేను ఎటు తిరిగినా అది ముందున్న వైపే చూస్తుండేది.

అప్పటి లెవెలు యంత్రాల్లో ఒక చిత్రం ఉండేది. అద్దాల అమరిక వల్ల అవతలి వస్తువు తలకిందులుగా కనపడేది. మాకు అది అలవాటే. తలకిందుల అంకెలు చదివీ చదివీ, మామూలు అంకెలు కనపడితే తడబడేవాళ్ళం. ఒకరోజు ఓవర్సీరు గారు భోజనానికి పోతూ, "యంత్రం దగ్గర నుంచి కదలబాక. ఎవుర్నీ ముట్టనీబాక" అని గొడుగు నా చేతికిచ్చి వెళ్ళారు. నేను కదల్లేదు. యంత్రాన్ని మాత్రం కదిపాను. కాలవ కట్ట మీద నుంచి చూస్తే అవతల పల్లంలో ఉన్న మిద్దె ఇల్లు సరిగ్గా ఎదురుగా వచ్చింది. ఆ మిద్దె మీద ఒక పెద్దావిడ బట్ట పరిచి వడియాలు పెడుతోంది. దుర్భిణిలో ఆవిడ ఆకాశానికి కాళ్ళు తన్నిపెట్టి వేలాడుతోంది. అంత వేలాడుతున్నా ఒక్క వడియం జారదు, పిండిగిన్నె ఒలకదు. నాకు ఆ వైభవాన్ని ఒక్కణ్ణే అనుభవించడం అన్యాయమనిపించింది.

అంతలో ఒక యువకుడు ఎద్దుల్ని తోలుకుంటూ కట్ట మీదుగా వచ్చాడు.

"అన్నా, ఇట్రా, తమాషా చూపిస్తా."

"నాకు పనుంది అబ్బయ్యా. ఎద్దులకు నీళ్ళు పెట్టాల."

"ఎద్దులెక్కడికి పోతాయి? రా అన్నా" అని చెయ్యి పట్టుకొని లాక్కొచ్చి దుర్భిణి ముందు వంచాను.

"ఏం కనబళ్ళా."

"మూసిన కన్ను పెట్టినావు. తెరిచింది పెట్టు."

తెరిచిన కన్ను పెట్టాడు. నేను పక్కన నిలబడి, చెట్టు నీడన బీడీలు కాలుస్తున్న రైతులకు కూడా వినపడేలా వ్యాఖ్యానం మొదలుపెట్టాను. "చూసినావా, ఆ మహాతల్లి ఎట్టా వేలాడతా ఉందో! గబ్బిలం కూడా అంత నిబ్బరంగా వేలాడదు!" అతను మెల్లగా నడుం ఎత్తి, కన్ను తుడుచుకొని, "మా అమ్మ" అన్నాడు. ఎద్దుల్ని తోలుకొని వెళ్ళిపోయాడు.

బీడీల రైతులు మాత్రం వెళ్ళలేదు. వాళ్ళూ వచ్చి చూశారు. పొద్దు గూకేసరికి ఊరంతటికీ తెలిసింది. సర్కారు అద్దంలో ఆడవాళ్ళు తలకిందులుగా కనపడతారట. తలకిందులైతే మరి చీర... ఆ 'మరి' దగ్గర అందరూ ఆగిపోయారు. మర్నాటి నుంచి కాలవ ఇసకలో తవ్విన చెలమకు నీళ్ళకొచ్చే ఆడవాళ్ళు నాట్లకు దిగినట్టు చీరలు కాళ్ళ మధ్యకు బిగించి, కుచ్చెళ్ళు రెండు చేతులా పట్టుకొని, బిందెలు చంకలో ఇరికించుకొని పరుగెత్తడం మొదలుపెట్టారు. మాకు మజ్జిగ పోసే ఇల్లు తలుపేసుకుంది. ఓవర్సీరు గారికి కారణం తెలియక, "ఈ ఊరి ఆడోళ్ళకు ఏమైందయ్యా, అందరికీ ఒకేసారి కాళ్ళనొప్పులా?" అని అడిగారు. నేను టోపీ సవరించుకున్నాను.

ఆ ఆదివారం ఇందుకూరుపేట దగ్గర ఉన్న మా ఊరికి వెళ్ళాను. అమ్మ మామిడికాయ వేసి చేపల పులుసు చేసింది. నాయన పీట మీద సర్దుకొని కూర్చొని, "నీకు చెప్పలేదు గాని, అక్కకు సంబంధం చూసినాం" అన్నాడు. (చెప్పకపోవడానికి కారణం, నా నోటికి మూత లేదని ఇంటిల్లిపాదీ ఏకాభిప్రాయం.) "నువ్వు పని చేసే ఊరే. కాలవ కట్ట పక్కన మిద్దె ఇల్లుండాదే, ఆళ్ళే. అబ్బాయి బంగారం. తల్లి మాత్రం గట్టి మనిషి. ఆ అబ్బాయి మాట్లాడాల్సింది కూడా ఆమే మాట్లాడద్ది." నాకు ముల్లు గొంతులో అడ్డం పడింది. అమ్మ అన్నం ముద్ద మింగించి, వీపు చరిచి, "సంతోషం తట్టుకోలేకపోయినాడు" అంది.

సాయంత్రం అక్క పెరట్లోకి పిలిచింది. అంతకుముందు ఒక సంబంధం, పిల్ల గట్టిగా నవ్విందన్న వంకతో తప్పిపోయింది. అప్పటినుంచీ అక్క నవ్వడమే మానేసింది. నేను ఎన్ని వేషాలు వేసినా పెదవి విప్పేది కాదు. ఆ అక్క ఆ రోజు నా చొక్కా గుండీ తిప్పుతూ, "ఆయన్ని చూసినావా రా?" అంది.

"చూసినట్టే ఉంది."

"పెళ్ళిచూపుల్లో అమ్మ కంగారులో పకోడీల్లో ఉప్పు మరిచిపోయింది. ఆళ్ళ మేనమామ మొహం అదోలా పెట్టినాడు. ఆయన మాత్రం ఇంకో నాలుగు పెట్టించుకొని తిన్నాడు. ఆ మొహం చూసి నాకు నవ్వాగలా. గట్టిగానే నవ్వేసినా. అయిపోయింది, ఇదీ పోయింది అనుకున్నా. ఆయన కూడా నవ్వినాడు రా." గుండీ వదిలి, "ఆ ఊళ్ళో నువ్వు మర్యాదగా ఉండు అబ్బయ్యా. ఇది గాని తప్పిపోతే నేనింకెవురి ముందరా కూర్చోను" అంది.

ఆమెకు అప్పుడే చెప్పేసి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. నాకు ధైర్యం చాలలేదు.

మాట ఖాయం చేసుకోవడానికి మా నాయన వాళ్ళింటికి వచ్చిన రోజు నేను జ్వరమన్నాను. నాయన నుదురు పట్టి చూసి, "చల్లగా ఉండావు. పిల్ల తమ్ముడు ఊళ్ళోనే ఉండి రాకపోతే ఏమనుకుంటారు?" అని లాక్కుపోయాడు. టోపీ లేకపోతే గుర్తుపట్టరని దాన్ని గదిలో వదిలేసి, తల నున్నగా దువ్వుకొని, నాయన వెనక దాక్కుంటూ వెళ్ళాను. ఆ వడియాల పెద్దావిడ వసారాలో నిలబడి ఉంది. నన్ను కింది నుంచి పైకి చూసింది.

"టోపీ తీసేస్తే తెలీదనుకున్నావా అబ్బయ్యా?"

మా నాయన నవ్వుతూ, "మావోడే వదినమ్మా, ఇంజనీరింగు..." అన్నాడు.

"తెలుసన్నా. మీవోడే నన్ను గబ్బిలం చేసినాడు. తెల్లారి లేస్తే ఊరంతా నన్ను చూసి నవ్వతా ఉండారు. ఈ అద్దం కత తేలందే ఈ ఇంట్లో తాంబూలం తట్ట బయటికి రాదు." తర్వాత నా వైపు తిరిగింది. "నిజం చెప్పు. నా కొడుకు అద్దంలో చూస్తానని అడిగినాడా, నువ్వు పిలిచినావా?"

నాకు అక్క చెయ్యి నా చొక్కా గుండీ తిప్పుతున్నట్టే ఉంది. పిలిచిందీ నేనే, లాగిందీ నేనే, గబ్బిలం అన్నదీ నేనే. స్తంభానికి ఆనుకొని నిలబడ్డ ఆ యువకుడి వైపు వేలు చూపించి, "ఆయనే అడిగినాడు" అన్నాను.

అతను నా వంక చూశాడు. ఒక్క క్షణమే. తర్వాత, "అవునమ్మా, నేనే అడిగినా. గబ్బిలం అన్నది కూడా నేనే" అన్నాడు. నేను అడగని అబద్ధం కూడా ఒకటి కలిపి ఇచ్చాడు.

"ఛీ, కన్నతల్లిని!" అని ఆవిడ కొడుకు మీద విరుచుకుపడింది. ఆ తిట్లన్నీ ఇక్కడ రాయలేను. కొన్ని నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమై రాయలేను. తిట్టి తిట్టి అలిసిపోయి, "ఆ అద్దం తెప్పించండి. నేనే చూస్తా" అంది.

ఓవర్సీరు గారు గొడుగుతో సహా పరుగెత్తుకొచ్చారు. "అది సర్కారు సొత్తమ్మా, అందరూ ముట్టుకుంటే నా ఉద్యోగం పోద్ది."

"ముట్టుకోం లే సామీ. కన్నే గదా పెట్టేది."

కట్ట మీద యంత్రం నిలబెట్టాం. అటువైపు మిద్దె మీద నిలబడటానికి ఎవరూ ముందుకు రాలేదు. "మీరే ఎక్కండి అన్నా. మీ బిడ్డ తెచ్చిన అద్దమే గదా" అందావిడ మా నాయనతో. మా నాయన, జన్మలో ఎవరి ముందూ కండువా జారనివ్వని మనిషి, కొత్త పంచె రెండు చేతులా గట్టిగా పట్టుకొని మిద్దె మీద నిలబడ్డాడు. ఆవిడ కన్ను పెట్టింది. ఊరంతా ఊపిరి బిగబట్టింది.

"చేతులు తీయమనండి."

"చేతులు తీయమంటా ఉంది!" అని కట్ట మీద నుంచి పదిమంది అరిచారు. నాయన కళ్ళు మూసుకొని, దేవుణ్ణి తలుచుకొని చేతులు తీశాడు.

ఆవిడ భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందనుకున్నాను. నడుం ఎత్తి చూస్తే నవ్వుతోంది. "జారలా! పంచే జారలా, కండువా జారలా! మనిషి తలకిందులైనాడు గాని మర్యాద తప్పలా! ఇట్టాంటోళ్ళ ఇంటి పిల్లను కళ్ళు మూసుకొని చేసుకోవచ్చు!" ఓవర్సీరు గారు అద్దాలూ వెలుతురూ అంటూ ఏదో వివరించబోయారు. ఎవరూ వినలేదు. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఎవరి మొగుణ్ణి వాళ్ళు మిద్దె ఎక్కించి వరుసగా చూశారు. ఆ రోజు కాలవ పని జరగలేదు. తాంబూలాలు మాత్రం పుచ్చుకున్నారు.

పెళ్ళయ్యాక 'తల్లిని తలకిందులు చేసినోడు' అన్న పేరు బావకు స్థిరపడిపోయింది. నేను ఉద్యోగంలో చేరాను, పెద్దవాణ్ణయ్యాను. ఇప్పుడు వస్తున్న యంత్రాల్లో మనుషులు నిటారుగానే కనపడుతున్నారు. ప్రతి పెళ్ళిలోనూ ఆ కథకు అందరితో పాటు నేనూ నవ్వాను. అందరికంటే ఒక పాలు ఎక్కువే నవ్వాను. కానీ మొన్న ఆ కొత్తల్లుడు విస్తరి ముందు నుంచి లేచిపోతుంటే నాకు అన్నం దిగలేదు. తర్వాతి వారమే వాళ్ళ ఊరు వెళ్ళాను. అత్తమ్మ, అదే బావ వాళ్ళ అమ్మ, పోయి చాలా కాలమైంది. బావ వసారాలో పడక కుర్చీలో ఉన్నాడు. గొంతు తగ్గించి, "బావా, ఆ కథ సంగతి పత్రికలో ఉన్నదున్నట్టు రాసేస్తున్నా. ఆ రోజు నువ్వు అడగలా. నేనే నిన్ను చెయ్యి పట్టుకొని లాగినా" అన్నాను.

ఆయన పడక కుర్చీలో లేచి కూర్చున్నాడు.

"లేదబ్బయ్యా. నేనే అడిగినా. నాకు బాగా గుర్తుండాది."

"ఎద్దులకు నీళ్ళు పెట్టాలన్నావు బావా!"

"అన్నానేమో. అయినా అడిగినా."

ఇన్నేళ్ళుగా పదిమందీ చెప్పగా చెప్పగా ఆయన నిజంగానే అలా నమ్మేశాడా, లేక మళ్ళీ ఆ స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడా, ఆ ముఖంలో చదవడం నా వల్ల కాలేదు. ఇన్ని కాలవలు కొలిచినవాణ్ణి. ఇంతలో లోపలి నుంచి అక్క గొంతు వినపడింది. "ఏంది మీ ఇద్దరి గుసగుసలు?"

నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు. "ఏం లేదు లే. మీ తమ్ముడు ఇంకో కాఫీ కావాలంటా ఉండాడు."

నేను అడగని కాఫీ వచ్చింది. నడివయసు ఇంజనీరును, బుద్ధిగా తాగాను.