కాట్రిడ్జీకి కర్మకాండ

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మనిషికి ఎన్ని భయాలుండాలో, ఆ రోజుల్లో నాకు అన్నీ ఉండేవి. పొదిలిలో పౌరోహిత్యం చేసుకునే మా నాన్నగారు, "మా అమ్మాయి గుంటూరు మిర్చి ఎగుమతుల ఆఫీసులో కంప్యూటర్ చూస్తుంది" అని పెళ్లి మంత్రాల మధ్య కూడా చెప్పుకునేవారు. ఆ ఉద్యోగం పోతే ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్లాలన్నది నా మొదటి భయం. రెండో భయం మా యజమాని. వెనకాల అందరం ఆయన్ని పంచెగారు అనేవాళ్లం. (ముందర "అలాగేనండి" తప్ప మరో మాట లేదు.) మల్లెపువ్వులాంటి పంచె కట్టేవారు. సరుకు కొనడానికి ఎవరొచ్చినా ఒక ఎండుమిరపకాయ నీళ్లలో తడిపి, ఆ పంచె అంచుకేసి రుద్ది, "చూశారా, మరక లేదు! రంగేసిన సరుకైతే ఈపాటికి అంటుకునేది" అనేవారు. రంగు కలిపారన్న మాట ఒక్కసారి పుట్టిందా, ఇక ఆ వ్యాపారి గుమ్మం ఎవరూ తొక్కరు.

నాకేమో ఖాళీ అయిన ప్రింటర్ కాట్రిడ్జీలను చెత్తబుట్టలో పడెయ్యాలంటే గుండె దడ. ఆ ఇంకు మట్టిలోకి దిగితే పాపమంతా నాకే చుట్టుకుంటుందనుకునేదాన్ని. పాతదాన్ని కవర్లో పెట్టి, మూతి బిగించి, అట్టపెట్టెలో దాచి, వాటిని బాగుచేసి మళ్లీ వాడేవాళ్లకి పంపించేదాన్ని. పంచెగారు నవ్వేవారు. "పురోహితుడి పిల్లవనిపించావమ్మాయ్! చచ్చిన కాట్రిడ్జీలకి కూడా కర్మకాండ జరిపిస్తున్నావే!"

ఆ రోజు చెన్నై నుంచి సరుకు కొనే పెద్ద వ్యాపారి ఒకాయన వచ్చారు. ఆ ఏడాది సరుకంతా ఆయన ఒక్క మాట మీద ఉంది. సరిగ్గా అప్పుడే నేను ఎర్ర కాట్రిడ్జీని కవర్లో దూరుస్తున్నాను. (ఖాళీ అని ప్రింటర్ చెప్పినంత మాత్రాన నమ్మకూడదని నాకప్పటికి తెలియదు.) లోపల్నుంచి కేక, "అమ్మాయ్, శాంపిల్ పట్రా!" ఉలిక్కిపడి దాన్ని గట్టిగా పిసికేశాను. పెట్టెలో పడేసి, చేతులు చూసుకోకుండానే దోసెడు మిరపకాయలు పళ్లెంలో పోసుకుని పరుగెత్తాను.

పంచెగారు అలవాటుగా కాయ తీశారు, తడిపారు, రుద్దారు. "చూశారా, మరక..." అని ఆగిపోయారు. పంచె మీద ఎర్రటి చార. ఇంకో కాయ తీసి రుద్దారు. ఈసారి ఇంకా చిక్కటి చార.

చెన్నై ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచారు. "మీరు కూడానా అండీ?"

పంచెగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "నా పిల్లల మీద ఒట్టండీ, మా సరుకులో రంగు లేదు" అన్నారు. అది వినేసరికి నా ఆలోచన ఎక్కడికో పోయింది. ఎవరో రంగు కలిపారు, పోలీసులొస్తారు, పళ్లెం తెచ్చింది నేనే కాబట్టి ముందు నన్నే జీపెక్కిస్తారు, పొద్దున్నే నాన్నగారు పేపర్లో నా ఫోటో చూస్తారు... "అమ్మో!" అని రెండు చేతులతో మొహం కప్పేసుకున్నాను.

మిరపకాయలు పట్టిన చేతులాయె! కళ్లల్లో నిప్పులు పోసినట్టయింది. కుయ్యోమంటూ చేతులు తీసి గెంతుతుంటే ఇద్దరూ నోరు తెరుచుకుని చూశారు. నా చెంపల మీద వేళ్లన్నీ ఎర్రగా అచ్చుపడ్డాయట.

"ఏంటమ్మాయ్ ఆ మొహం? హోలీ ఆడొచ్చావా?" అన్నారు పంచెగారు.

"కాట్రిడ్జీ అండీ... కర్మకాండండీ..." అని ఏడ్చాను. పంచెగారికి సంగతి అర్థమై, నా ఎర్రటి వేళ్లు చూపించి, అది ప్రింటర్ ఇంకని చెన్నై ఆయనకి చెప్పారు.

చెన్నై ఆయన గోడవార ఉన్న బస్తా విప్పించి, తనే ఒక కాయ తీసి తడిపి, పంచెగారి రెండో అంచుకేసి రుద్దారు. మరక లేదు. బేరం కుదిరింది.

సాయంత్రం పంచెగారు పిలిపిస్తే, ఉద్యోగం ఊడిందనే అనుకుంటూ వెళ్లాను. ఆయన పంచె కేసి చూసుకుంటూ, "ఆ ఎర్రదానికి కర్మ సరిగ్గా చెయ్యలేదమ్మాయ్ నువ్వు. అందుకే దెయ్యమై నన్ను పట్టుకుంది. ఈసారి శుభ్రంగా మూటగట్టి పంపించు" అన్నారు.

ఇప్పుడు నేను ఒంగోలులో ఒక ఆఫీసుకి మేనేజర్‌ని. పంచెగారు లేరు. ఖాళీ కాట్రిడ్జీలను ఇప్పటికీ నేనే రెండు కవర్లలో బిగించి పంపిస్తాను. చేతులు కడుక్కున్నాక, తెల్లటి రుమాలుకి వేలు రుద్ది చూసుకుంటాను. "చూశారా, మరక లేదు" అని పైకే అనేసి, ఆనాటి పిచ్చిపిల్లను తలుచుకుని నవ్వుకుంటాను. మిరపకాయ ముట్టుకోకపోయినా కళ్లు కాస్త మండుతాయి.